మైకులో చదివిన ఎనిమిది పేర్లు

గత అక్టోబరు పన్నెండో తేదీ ఆదివారం ఆరాధనలో, ప్రార్థన విన్నపాల వేళ, తాగుడు మానడానికి కూడుకుంటున్న ఎనిమిది మంది పేర్లు మైకులో చదివారు. చదివింది మా సంఘ కార్యదర్శి, నా స్వంత పెదనాన్న గెడ్డం విజయ్ పాల్ గారు. ఆ అన్యాయాన్ని సరిదిద్దకుండా ఆపరేషన్ బల్ల ఎక్కడం ఇష్టం లేక ఈ వీలునామా రాస్తున్నాను.

నేను గెడ్డం ఆరోన్‌ని, కీ.శే. సామ్యేలు గారి కుమారుడిని, వయసు ఇరవై ఏడు, ధవళేశ్వరం నివాసిని, సెల్ రిపేరు నా వృత్తి. వచ్చే బుధవారం విశాఖపట్నంలో నా కాలేయానికి ఆపరేషన్. పద్నాలుగు నెలలుగా చుక్క ముట్టలేదు గనుక నా బుద్ధి నిలకడకు వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు. ఎవరి ప్రోద్బలమూ లేదు. కోపం ఉంది. అది ప్రోద్బలం కిందకి రాదని లాయరు గారు చెప్పారు. ఇది నేను పోయాక తెరిచే కాగితం కాదు, నకళ్ళు ఈరోజే ఇంట్లోవాళ్ళకీ, మీటింగువాళ్ళకీ పంచుతున్నాను.

1. ఈ వీలునామా అమలు బాధ్యత మా అక్క తబితది. నేను తాగొచ్చిన రోజున కూడా ముందు అన్నం పెట్టి తర్వాత తిట్టిన మనిషి.

2. కాలువ లాకుల దగ్గర మా నాన్న కట్టిన, నాకు సంక్రమించిన షాపు గది నా తదనంతరం మా అమ్మ రత్నమాణిక్యానికి చెందవలసింది. షరతు ఒకటే. ప్రతి ఆదివారం సాయంత్రం రెండు గంటలు ఆ గది తాగుడు మానేవాళ్ళ మా మీటింగుది. అమ్మా, ఆ వేళ నువ్వు లోపలికి రాకు. టీ పెట్టి కిటికీలోంచి అందించు. ఎవరొచ్చారో చూడకు.

3. నా ఫోను నంబరు, అంటే మానాలనుకునేవాళ్ళు ఫోన్ చేసే నంబరు, చేపల చెరువుల రాజుగారికి. పేరు రాయను. రాజమండ్రిలో మీటింగు ఉందని ఫోనులో వెతికితే తెలిసింది. కానీ అక్కడ ఎవరైనా చూస్తారని రైలెక్కి సామర్లకోట మీటింగుకి పోయాను. అదే భయంతో ఆయన భీమవరం నుంచి అక్కడికి వచ్చారు. వణుకుతున్న నా చేతికి సగం గ్లాసే టీ ఇచ్చి, "కూర్చోండి బాబూ, ఇక్కడ బోధ చేసేవాళ్ళెవరూ లేరండి, అందరం రోగులమే" అన్నారు. రాజుగారూ, ఎవరు ఫోన్ చేసినా పేరు అడక్కండి.

4. నేను అచ్చు వేయించిన కరపత్రాలు రెండు కట్టలు మిగిలాయి. వాటిని కాల్చేయవలసింది. "పేరు దాచుకోవడం పిరికితనం, సిగ్గుపడాల్సింది సీసా అమ్మేవాడు" అని అందులో రాశాను. ఆ ఊపులోనే, మీటింగు టీకి పాలు ఎవరెప్పుడు తేవాలో పేర్లతో వంతులు రాసిన కాగితం తీసుకెళ్ళి, అందరికీ కనబడేలా చర్చి సండే స్కూల్ గది బోర్డుకి అంటించాను. పెదనాన్న చదివింది ఆ కాగితమే. నిలదీస్తే, "దాచుకోవద్దని నువ్వే అచ్చేశావు కదరా. నేను మోకాళ్ళ మీదుండి చదివాను, వెటకారానికి కాదు" అన్నారు. తప్పులో సగం నాది. మిగతా సగం మాత్రం ఆయనది, వదిలిపెట్టను.

5. నా మోటార్‌సైకిల్ వంతుల కాగితంలో ఆరో పేరు గల మనిషికి. ఇలా రాస్తే చెల్లదని లాయరు గారన్నారు. అందుకే బండి అక్కకి రాస్తున్నాను, తాళం ఎవరికివ్వాలో అక్కకి తెలుసు. ఆ ఆదివారం దాకా అతను నలభై రోజులు తాగకుండా ఆగాడు. మర్నాడు కూతుర్ని స్కూల్ వ్యానులో పిల్లలు ఏడిపించారు. ఆ సాయంత్రమే మళ్ళీ మొదలుపెట్టాడు. అప్పట్నుంచీ రావడం లేదు. దూరపు మీటింగులకి పోవాలంటే బస్సు కోసం నిలబడాలి, నిలబడితే ఎవరో ఒకరు పలకరిస్తారు. ఇక నిలబడక్కర్లేదు.

6. మా నాన్న చేతి గడియారం పెదనాన్నకి. అయ్యా, నాన్న తాగి తాగి పోయినప్పుడు గుండెనొప్పి అని సంఘంలో ప్రకటించింది మీరే. తమ్ముడి పరువు అంత జాగ్రత్తగా దాచిన నోటితో ఎనిమిది ఇళ్ళ పరువు ఎలా చదివారు? అయినా గడియారం మీదే. నాన్న కోసం మీరు వంటింట్లో తలుపేసుకుని ఏడ్చింది నేను విన్నాను. ఆరో పేరు వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ అడగండి. ఒక్కరే వెళ్ళండి, పాస్టరు గారిని వెంటబెట్టుకోకండి.

7. నేను పోతే సమాధి దగ్గర "తాగుడుని జయించాడు" అని ఎవరూ అనకూడదు. జయించలేదు. పొద్దున్న లేచి ఇవాళ్టికి వద్దనుకున్నాను, అంతే. మర్నాడూ అంతే.

8. ఈ ఆదివారం, నవంబరు పదహారు, నేను ఆసుపత్రిలో ఉంటాను. మీటింగు ఆగదు. రాజుగారు నడుపుతారు. బోర్డు ఉండదు, పేర్ల కాగితం ఉండదు. షాపు షట్టరు సగం దించి ఉంటుంది, వంగి లోపలికి రండి. చేతిలో చెడిపోయిన ఫోను ఒకటి పట్టుకోండి. ఎవరైనా అడిగితే రిపేరుకని చెప్పండి. తాగి ఉన్నా రండి. ఆరో పేరు గల అన్నా, ముందుగా నువ్వు రా. సాయంత్రం ఐదింటికి.

ధవళేశ్వరం, 14 నవంబరు 2025
(సంతకం) గెడ్డం ఆరోన్

సాక్షులు:
పల్లి ఏసురాజు, లాకుల కాపలాదారు
కొండేటి మెర్సీ, ఆశా కార్యకర్త