మెహక్ కలిపిరాత

నజీర్ అన్నకు జమున టీచర్ నమస్తే.

ఫోన్ చేయొచ్చు గానీ, రాత గురించిన మాట రాసే చెప్పాలనిపించింది. ఈ శనివారం కాక పై శనివారం పెద్దపల్లిలో కర్సివ్ రైటింగ్ పోటీ. మన గోదావరిఖని బడి మూడో తరగతి నుంచి ఐదుగురిని తీసుకుపోతున్నాను. పిల్లల సంతోషం సరే, నాకే కాలు నిలవడం లేదు. మీ మెహక్ రోజూ "మేడం, నా పేరు రాసిండ్రా?" అని అడుగుతోంది. రాయాలనే ఉంది. కానీ తన రాత ఒక్క ముక్క కూడా చదవలేకపోతున్నాను. అక్షరాలు చేతులు పట్టుకుని నడవాలని చెప్పాను. తనవి ఒకదాని మీద ఒకటి పడి పరుగెత్తుతున్నాయి. దగ్గర కూర్చుని రోజూ ఒక పేజీ రాయించండి. శుక్రవారానికి నేను చదవగలిగితే ఐదో పేరు తనదే.

ఇట్లు,
జమున

తా.క.: కాపీలో సంతకం మీదా, మెహక్‌దా? రెండు రాతలూ ఒకేలా ఉన్నాయి.

*

జమున మేడంకు సలాం.

మీ ఉత్తరం చూడగానే మెహక్ కాపీ తెప్పించి చదివాను. ఎక్కడా ఆగలేదు. తప్పేమీ కనబడలేదు. ఇరవై రెండేళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్న మనిషిని, అబద్ధం చెప్పను. మీ కళ్లజోడు నంబరు మారిందేమో చూపించుకోండి. మా బామ్మర్ది ఆసిఫ్‌కు చౌరస్తాలో కళ్లద్దాల దుకాణం ఉంది, నా పేరు చెప్పండి. పిల్లను మాత్రం తప్పకుండా తీసుకుపోండి. పోటీ పోటీ అని అన్నం కూడా సరిగ్గా తినడం లేదు.

మీ
నజీర్

తా.క.: కాగితం దొరక్క మందుల కంపెనీ వాళ్లిచ్చిన ప్యాడు మీద రాశాను, ఏమనుకోకండి.

*

నజీర్ అన్నకు నమస్తే.

మెహక్ ఏదో కాగితం నా టేబుల్ మీద పెట్టి పోయింది. అది తెలుగో ఇంగ్లీషో తేలలేదు. మా హెడ్మాస్టర్ సదానందం సార్ తిప్పి తిప్పి చూసి, "మందుల చీటి అమ్మా. నీ దగ్గు చూడలేక ఎవలో రాయించిన్రు. జల్ది పోయి తెచ్చుకో" అన్నారు. నిజమేననుకుని బడి పక్కన రాజం మెడికల్‌లో ఇచ్చాను. ఆయన ఒక మాత్రల పట్టీ, ఒక సీసా చేతిలో పెట్టి, "పొద్దుగాల ఒకటి, రాత్రి ఒకటి, తిన్నంక" అన్నాడు. ఇంటికొచ్చాక చూస్తే కాగితం వెనక మీ షాపు ముద్ర ఉంది. అన్నా, అసలు మీరేం రాశారు? మెహక్‌ను పంపుతానన్నారా, వద్దన్నారా? శుక్రవారం ఎల్లుండే.

ఇట్లు,
కంగారులో ఉన్న జమున

తా.క.: దగ్గు మాత్రం తగ్గింది.

*

జమున మేడంకు సలాం.

ఈసారి ఒక్కో అక్షరం విడిగా రాస్తున్నాను. ఇంత రాయడానికి గంట పట్టింది.

మీ ఉత్తరం చదివి రాజం మీద మండిపడుతుంటే మెహక్, "అబ్బా, మేడం మాత్రలు ఎందుకు మింగింది?" అని అడిగింది. జరిగింది చెప్పాను. షాపులో ఉన్న డాక్టర్ల చీటీల కట్ట తీసి నా ముందు పెట్టింది. "పెద్దోళ్లు కలిపి రాసుడంటే గిట్లనే గద? నేను గివి చూసే నేర్చుకున్న" అంది. బడి అయ్యాక రోజూ కౌంటర్ పక్కనే కూర్చుంటుంది మేడం. నేనూ ఇన్నాళ్లూ అదే మంచి రాత అనుకున్నాను. "ఇగ నా పేరు రాయరా?" అని ఏడ్చింది. నాకు చాలా బాధేసింది.

చీటీలు లోపల పెట్టేసి నాలుగు గీతల కాపీలు రెండు కొన్నాను, తనకొకటి, నాకొకటి. రెండు రోజులుగా షట్టరు ముందే దించి ఇద్దరం రాస్తున్నాం. తన పేజీ జత చేశాను. చదవగలిగితేనే పేరు రాయండి.

మీ
నజీర్

తా.క.: రెండో పేజీ నాది. మెహక్ పదికి మూడు వేసింది.

*

నజీర్ అన్నకు నమస్తే.

ఐదో పేరు మెహక్‌దే అయింది, ఇవాళ పోటీ కూడా అయిపోయింది. ఎంత నెమ్మదిగా, ఎంత శుభ్రంగా రాసిందో మీరు చూడాల్సింది. కిటికీ దగ్గర నిలబడి నేను గోళ్లన్నీ కొరికేసుకున్నాను.

చిక్కల్లా ఒకటే. పేపర్లు దిద్దడానికి ఒక డాక్టరు గారిని పిలిచారు. గెలిచిన ముగ్గురి పేర్లు ఆయన సొంత చేత్తో రాసిచ్చి, ఆపరేషన్ ఉందని వెళ్లిపోయారు. ఫోన్ ఎత్తడం లేదు. ఆరు బళ్ల టీచర్లం కలిసినా ఒక్క పేరు కూడా చదవలేకపోయాం. సోమవారం పొద్దున ప్రకటించాలి. ఆ కాగితం పంపుతున్నాను. ఇక మీరే దిక్కు.

ఇట్లు,
జమున

తా.క.: రోజుకు రెండుసార్లు అని ఉంటే మాత్రం నాకు చెప్పకండి.

*

జమున మేడంకు సలాం.

కాగితం విప్పగానే చదివేశాను. మొదటి వరుస మూడుసార్లు చదువుకున్నాను. కానీ తండ్రి చదివితే ఎవరు నమ్ముతారు? అందుకే రాజం మీద కోపం పక్కన పెట్టి, పోటీ సంగతి చెప్పకుండా ఆయన చేతికిచ్చాను. ఆయన చదివాడు: "ఫస్టు, మెహక్, గోదావరిఖని." ఇంకోసారి చదవమన్నాను. మళ్లీ అదే చదివాడు. నేను షాపు తెరిచిన నాటి నుంచి, ఇరవై రెండేళ్లుగా మాటల్లేని మనిషిని కౌంటర్ మీదుగా కావలించుకున్నాను మేడం.

ఇంత బాగా చదివేవాడివి, ఆ రోజు నా ఉత్తరానికి మాత్రలెట్ల ఇచ్చావని అడిగాను. "చీటి ఎవడు చదివిండు నజీర్ భాయ్? మేడం దగ్గుతున్నది గద" అన్నాడు.

ముగ్గురి పేర్లూ మెహక్ కర్సివ్‌లో రాసింది, సోమవారం బోర్డుకు అంటించండి. రెండో పేరు, మూడో పేరు తన పేరుకన్నా అందంగా రాసింది.

మీ
నజీర్

తా.క.: డాక్టరు గారికి నాలుగు గీతల కాపీ ఒకటి పంపుతున్నాను. పై వరుస మెహక్ రాసిపెట్టింది. కింద ఆయన చూసి రాయాలట.