కొత్త మసిగుడ్డ

అమ్మాయ్,

కళ్లజోడు కాడ వదులైపోయింది, షాపులో బిగించుకుని వస్తాను. పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, కాచుకుని టీ పెట్టుకో. గిన్నె దించడానికి ఆ మాడిపోయిన పాత మసిగుడ్డ కోసం వెతక్కు, పారేశాను. పొయ్యి పక్కన నీలం నూలుతో అల్లిన కొత్తది పెట్టాను. రెండు మడతలు వేసి పట్టుకో, లేకపోతే చెయ్యి కాలుతుంది. అపురూపమని బీరువాలో దాచావంటే ఊరుకోను.

అది పూర్తిగా నా అల్లికే. మొన్న మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే, నా వంకర వరసలు విప్పి నువ్వు సరిచేశావు. నాకు తెలియదనుకున్నావా? నీ కుట్లు బిగువు, నావి వదులు. చెయ్యి పెట్టగానే తెలిసిపోయింది. నువ్వు అల్లిందంతా లాగిపారేసి మళ్లీ నేనే అల్లాను. అడక్కుండా అత్తగారి పని దిద్దడమేమిటి! అయినా నువ్వు చెప్పినట్టే ప్రతి వరసలోనూ ఆఖరి కుట్టు జారిపోకుండా పట్టుకున్నాను. పోయినసారిలా మూడు మూలలు కాదు, చూసుకో, నాలుగూ ఉన్నాయి. మీ ఆయన చూసి "ఎక్కడ కొన్నావమ్మా?" అన్నాడు. నా కడుపు నిండిపోయింది.

అత్తయ్య

మర్చిపోయాను. పక్కింటావిడ కూడా తెగ మెచ్చుకుంది. మా కోడలు నేర్పిందని గొప్పగానే చెప్పాను, నువ్వు మరీ ఉబ్బిపోకు. తనకీ క్రోషే నేర్పమంది. కోడలికి తీరికెక్కడిది, నేనే నేర్పుతానన్నాను. రేపే వస్తుంది. ఇన్నాళ్లూ సూదికి మొదటి ముడి నువ్వే వేసిచ్చేదానివి కదా, అదెలా వేస్తారో ఇవాళ కాస్త చూపించు.