సెకనుకోసారి పలకరింపు

పిచుకా,

నేను కులాసా. ఫోను చేయకుండా కార్డు ఎందుకు రాస్తున్నానో చెబుతాను, నవ్వకు.

మా కంపెనీ వివరాలన్నీ దాచే డేటాబేస్ క్లౌడ్‌లో, ఎక్కడో అద్దె కంప్యూటర్లో నడుస్తుంది. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో కనిపెట్టుకుని ఉండటమే నా ఉద్యోగమని నీకు తెలుసుగా. సోమవారం అది నత్తనడక పట్టింది. నేను తిన్నగా ప్రోగ్రాములు రాసే అమ్మాయి దగ్గరికెళ్లి, "నీ ప్రోగ్రామే దాని పీక నొక్కుతోంది" అని నలుగురిలో కడిగేశాను. తను కళ్లు తుడుచుకుంటూనే అంతా వెతికింది. తీరా చూస్తే ఆ భారం నాది. బెంగకొద్దీ, నిమిషానికోసారి దాని బాగోగులు అడగాల్సిన నా స్క్రీనును సెకనుకోసారి అడిగేలా మార్చిపెట్టాను. నాకు జవాబు చెప్పుకోవడంతోనే దానికి సరిపోయింది.

"మీరు అడగడం ఆపండి మేడమ్, దాని పని అది చేసుకుంటుంది" అంది ఆ అమ్మాయి మెల్లగా. తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పరీక్షలకు చదువుకుంటున్న నీకు పదేపదే ఫోను చేస్తుంటే నువ్వూ ఆ మాటే అన్నావు. పొగరనుకుని నిన్ను తిట్టి ఫోను పెట్టేశాను.

ఆ అమ్మాయికి నలుగురిలోనే క్షమాపణ చెప్పాను. నీకు చెప్పేది పోస్ట్‌మాన్ చదివినా ఫర్వాలేదు. తప్పు నాదే తల్లీ.

అమ్మమ్మ కంట్లో మందు వేస్తున్నావా? వంటింటి కుళాయి కారడం ఆగిందా? రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావు? చూశావా, మళ్లీ మొదలెట్టాను. జవాబు రాయకు. చదువుకో.

చల్లగా ఉండు.
అమ్మ