కొని తెచ్చిన నారు

మార్చి 3
నేనూ మా తోడికోడలూ ఈరోజు టమాటా గింజలు వేశాం. ఒకే ప్యాకెట్, ఒకే ఎర్రమట్టి. మేడ మీద తలా ఒక కుండీ. కడుపు పోయినప్పటి నుంచి తను గది దాటడం లేదు. ఐడియా నాదే. పెద్దకోడలంటే నువ్వే అన్నారు అత్తగారు. పొంగిపోయాను.

మార్చి 11
మొలిచాయి. తనవీ, నావీ. అక్కా, లేచాయి రా అని నన్ను నిద్రలేపింది. ఎన్నాళ్ళకో నవ్వింది.

మార్చి 19
నావన్నీ మొదళ్ళు కుళ్ళి పడిపోయాయి. నీళ్ళు ఎక్కువైనట్టున్నాయి.
తను చెకప్‌కి వెళ్ళింది. గబగబా నర్సరీకి వెళ్ళి నారు కొని నాటేశాను. నేర్పించినదానికే రాలేదంటే ఇంట్లో నా పరువేం కాను? నర్సరీ అతను ముదురు నారు ఇవ్వబోతే లేతది చాలన్నాను. దొంగబుద్ధికి ఎంత తెలివో.
సాయంత్రం అత్తగారు భలే ఎదిగాయే అన్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మంచి ఎరువండీ అని నేనే అన్నాను.

మార్చి 22
తనవీ పోయాయి. అదే కుళ్ళు.
నా కుండీ ముందు కూర్చుంది. ఒకే గింజలు కదక్కా, నీవి బతికాయిగా, నా దగ్గరే ఏదీ నిలవదు అంది. తను మాట్లాడుతోంది మొక్కల గురించి కాదు. కొందరి చెయ్యి అంతేనమ్మా అన్నారు అత్తగారు.
అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పాను. టీ తాగుతావా అని అడిగాను. ఛీ.

మార్చి 25
నా మొక్కలకి కాసిని నీళ్ళు పొయ్యమన్నాను. దూరంగా జరిగింది. నేను ముట్టుకుంటే ఇవీ పోతాయేమోనక్కా అంది.

మార్చి 26
చెప్పేద్దామని తన గది తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చాను.

మార్చి 28
చెప్పేశాను. అంటే, మాటలతో కాదు. ఒక మొక్క పీకి తన చేతిలో పెట్టాను. వేళ్ళ చుట్టూ కొబ్బరిపొట్టు ముద్ద, నర్సరీ ట్రే గుంట ఆకారంలోనే ఉంది. మేం వేసింది ఉత్త ఎర్రమట్టిలో.
అయితే నీవీ పోయాయా అంది. అన్నీ పోయాయన్నాను. ఎప్పుడంది. నీకంటే ముందే అన్నాను.
ఆ ముద్దని వేళ్ళతో పొడిపొడిగా నలిపింది. నా చెయ్యే పాపిష్టిదని ఏడుస్తుంటే చూస్తూ ఎలా ఊరుకున్నావక్కా అంది.
 

ఏప్రిల్ 2
తను నాతో మాట్లాడటం లేదు. మిగిలిన గింజల ప్యాకెట్ అలమరలో లేదు. మేడ మీద తన కుండీలో మట్టి తడిగా ఉంది.