కిరాయి నవ్వుల అభియోగంపై మూడో కౌంటరు గుమాస్తా సంజాయిషీ

పనితీరు మూల్యాంకన అధికారి గారి సముఖమునకు,
తాండవ పౌరసేవా కేంద్రముల ప్రధాన కార్యాలయం.

నర్సీపట్నం శాఖ, మూడో కౌంటరు (మరణ ధ్రువపత్రములు) కాంట్రాక్టు గుమాస్తా రొంగలి ధర్మారావు వ్రాసుకొను అర్జీ.

విషయం: చిరునవ్వు సూచీలో వెనుకబాటు, మరియు కిరాయికి మనుషులను తెచ్చి నవ్వించినానను అభియోగం – సంజాయిషీ సమర్పించుట – కాంట్రాక్టు రద్దును నిలుపుదల చేయ కోరుట – గురించి.

అయ్యా,

ఈ నెల పద్నాలుగున తమరు పంపిన మెమో అందినది. మూడు దినములలో సంజాయిషీ ఇవ్వనిచో ఒకటో తేదీ నుండి నన్ను తొలగింతుమని అందులో ఉన్నది. జరిగినది జరిగినట్లు ఈ దిగువ మనవి చేసుకొనుచున్నాను.

1. గత జూన్‌లో మా శాఖలో ప్రతి కౌంటరు మీద ఒక కెమెరా బిగించినారు. పని ముగించుకొని లేచిన మనిషి ముఖం చూసి అది మార్కు వేయును. నవ్వితే ఐదు, ఏడిస్తే ఒకటి. ఆ మార్కుల సగటే మా పనితీరు. మొదటి కౌంటరులో రోజారమణి గారు జనన ధ్రువపత్రములు ఇచ్చెదరు. ఆమె సగటు నాలుగు పాయింట్ ఎనిమిది. నేను మరణ ధ్రువపత్రములు ఇచ్చెదను. నా సగటు ఒకటి పాయింట్ రెండు. ఆమె మంచి పనిమంతురాలే. అయితే మా ఇద్దరి మధ్య తేడా అంతా పనిలోనే ఉన్నదనుట సబబు కాదని మనవి.

2. వెనుకబడినందుకు నాకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టినారు. అరవై ప్రశ్నలు. "నలుగురిలో ఉన్నప్పుడు మీకు ఉత్సాహంగా ఉంటుందా?" అనునది పన్నెండో ప్రశ్న. నా కౌంటరుకు వచ్చేవారి నోట నలుగురంటే మోసే నలుగురే. కావున "ఉండదు" అని వ్రాసితిని. ఫలితం: అంతర్ముఖుడు, ప్రేరణ తక్కువ. పరీక్ష పెట్టిన నిపుణుడు గారు బోర్డు మీద ఐదు మెట్లు గీసి, మనిషి కోరికలు ఆకలితో మొదలై, భద్రత, ఆప్యాయత, గౌరవం దాటి ఆత్మసాఫల్యమునకు చేరునని బోధించినారు. నేను రెండో మెట్టు మీద ఉన్నానట. మార్చి ముప్పై ఒకటిలోగా నాలుగో మెట్టు ఎక్కవలెనని మా మేనేజరు వెంకటదుర్గ గారు నా ఫైలులో నోట్ పెట్టినారు. ఎటు నుండి ఎక్కవలెనో అందులో లేదు.

3. శిక్షణలో మాకొక వాక్యం నేర్పినారు. పత్రం చేతికిచ్చి, పళ్ళు కనబడునట్లు నవ్వి, "మా సేవలను మళ్ళీ మళ్ళీ వినియోగించుకోండి" అనవలెను. తప్పదన్నారు గనుక అన్నాను. ఆ వేళ ఎదుట ఉన్నది గొలుగొండ నుండి వచ్చిన చెరకు రైతు తాతబ్బాయి గారు. తల్లి పోయి పదకొండు రోజులు. ఆయన నా చొక్కా పట్టుకొని, "మళ్ళీ మళ్ళీ రావాలేటి? ఇంట్లో ఇంక మా అయ్య ఒక్కడే ఉన్నాడు. నీ ఉద్దేశం ఏటో సెప్పు ముందు!" అన్నారు. వరుసలో ఉన్నవారు నవ్వు ఆపుకొనలేకపోయినారు. వెనుక నవ్వుచున్న ఆ ముఖములు చూసి కెమెరా నాలుగున్నర మార్కులు వేసినది. అప్పటికి నా ఉద్యోగ జీవితములో అదే అత్యధికం. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

4. ఇక అసలు సంగతి. కొయ్యూరు పైనున్న కొండ ఊరి నుండి వంతల సోమలమ్మ అను ఆమె, తన భర్త జోగులు మరణ ధ్రువపత్రం కోసం వచ్చినది. ఆసుపత్రి చీటీలో జోగులు, ఆధార్‌లో జోగయ్య. అంతకు మునుపు నాలుగుసార్లు వచ్చి, నేను శిక్షణలో ఉన్నందున వట్టి చేతులతో కొండెక్కినది. ఆ రోజు నేను వారి పంచాయతీ కార్యదర్శికి ఏడుసార్లు ఫోన్ చేసి, ఇద్దరూ ఒకరేనని లేఖ తెప్పించి, సాయంత్రం బస్సు వేళకు పత్రం చేతిలో పెట్టితిని. చదువు రాదు గనుక పేరు ఎక్కడున్నదో చూపమన్నది. చూపితిని. ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "ఇన్నాళ్ళూ అడివికెల్లాడు, ఒచ్చీస్తాడు అనుకున్నాను బాబూ. ఈ కాగితం సేతిలో ఎట్టీసరికి నమ్మకమైపోనాది" అని గోలుగోలున ఏడ్చినది. కెమెరా ఒకటి వేసి, "తీవ్ర అసంతృప్తి" అని పైకి పంపినది.

ఆమె తరువాతి మనిషికి సర్వర్ పనిచేయక నేను ఏ పనీ చేయలేదు. ఆయన ఫోన్‌లో బావమరిదితో నవ్వుతూ వెళ్ళిపోయినారు. ఐదు.

5. వారం తరువాత సోమలమ్మ జిరాక్సు కోసం వచ్చినప్పుడు, ఆమె ఏడుపు వలన నా మార్కులు పడిపోయిన సంగతి రోజారమణి గారు నోరు జారి చెప్పినారు. సోమలమ్మ నా దగ్గరకు వచ్చి, "నా ఏడుపు నీ కూటికి అడ్డమొచ్చినాదా?" అని అడిగినది. అటువంటిదేమీ లేదన్నాను. నమ్మలేదు.

ఆ తరువాతి సోమవారం పదకొండు మందితో జీపు దిగినది. అందరూ టోకెన్లు తీసుకొని, ఒక్కొక్కరే నా ఎదుట కూర్చుని, కెమెరా వైపు నవ్వి లేచినారు. వద్దని వారించితిని. "నువ్వు నోరు మూసుకో బాబూ, ఇది మాకూ ఆ డబ్బాకీ మధ్యన" అన్నది సోమలమ్మ. ఒక పళ్ళు లేని అవ్వ ఎంత నవ్వినా "ముఖం గుర్తించబడలేదు" అని వచ్చినది. ఆమె మూడు టోకెన్లు వృథా చేసుకొన్నది.

ఇంతలో ఎవరో జోగులు ఊసెత్తినారు. ఒకనాడు అతను పనసచెట్టు ఎక్కగా కింద ఎలుగుబంటి చేరినదట. "అది పనసపండు తింటా కూకుంటే, ఈడు పైనుంచి, తినీసి బేగి ఎల్లమ్మా, ఇంటికాడ నా గంజి సల్లారిపోతాది అని బతిమాలినాడు!" అని ఆ మనిషి అభినయించి చూపగా హాలంతా గొల్లుమన్నది. వెంకటదుర్గ గారు కూడా గదిలో నుండి వచ్చి నవ్వినారు. సోమలమ్మ కొంగు నోట కుక్కుకొని నవ్వినది, నవ్వుచుండగానే ఏడ్చినది, ఏడ్చుచు మరల నవ్వినది. కెమెరా ఆమె మీద ఐదు, ఒకటి, ఐదు, ఒకటి అని వేసి, నలభై నిమిషములు ఆగిపోయినది.

6. దీనినే తమ మెమోలో "కిరాయి నవ్వులు" అన్నారు. వారికి నేను ఏమీ ఇవ్వలేదు. టీ ఇప్పించబోతే కూడా, జీపు వెళ్ళిపోవునని తాగలేదు. ఆ పన్నెండు మంది మార్కులను రద్దు చేయుటకు నాకు అభ్యంతరం లేదు. కానీ సోమలమ్మకు మొదటిసారి పడిన ఒకటి కూడా రద్దు చేయవలెను. ఆ రోజు నేను పని సరిగానే చేసితిని.

7. నన్ను జనన విభాగమునకు మార్చెదమని వెంకటదుర్గ గారు దయతో అన్నారు. అక్కడ నాకు కూడా నాలుగున్నర తప్పక వచ్చును. అయినను వద్దని మనవి. పద్నాలుగేళ్ళుగా ఇదే కుర్చీ. ఎవరి పేరులో ఏ అక్షరం తప్పిపోతే ఎవరికి ఫోన్ చేయవలెనో నాకు తెలియును. కొత్తవారికి అది తెలియుటకు నాలుగేళ్ళు పట్టును, అందాకా కొండ మీది వాళ్ళు దిగుతూ ఎక్కుతూ ఉందురు. నాకు ఈ పని ఇష్టమండీ. ఇష్టమని అరవై ప్రశ్నలలో ఒక్కచోట కూడా వ్రాయుటకు వీలు చిక్కలేదు. ఇది ఎన్నో మెట్టో నిపుణుడు గారినే అడగగలరు.

కావున నా కాంట్రాక్టు రద్దును నిలిపివేసి, మూడో కౌంటరు పనిని ముఖములు చూసి గాక, ఎవరు ఎన్నిసార్లు తిరగవలసి వచ్చినదో చూసి కొలిపించవలసినదిగా ప్రార్థన. ఈ మనవిని చిత్తగించవలెను. చిత్తగించునప్పుడు ముఖం ఎట్లు పెట్టవలెనో తమ ఇష్టం.

ఇట్లు,
పరీక్ష పెట్టక మునుపటి నుండి తమ విధేయుడు,
రొంగలి ధర్మారావు

తా.క.: దీనిని టైపు చేసి పెట్టెదనని రోజారమణి గారు వచ్చి, నా ఎదుటి కుర్చీలో కూర్చుని చదివినారు. నాలుగో అంశం దగ్గర కళ్ళు తుడుచుకొని లేచినారు. కెమెరా ఒకటి వేసినది. ఆమె దాని వైపు తిరిగి, "నాను సర్టిఫికెట్టుకి రాలేదు, ఊరికే సదువుతున్నాను" అని రెండుసార్లు చెప్పినారు. అది వినదు. దయచేసి ఆ మార్కు నా లెక్కలో నుండి తీసివేయించగలరు. ఆమె ఇంట అందరూ క్షేమం.