సౌనాలో ఆరబెట్టిన మూత

హెల్వి అక్కా,

అమ్మ వాడిన ల్యాప్‌టాప్‌ని నేను ఇంకా ఎందుకు పంపలేదని మళ్లీ అడగకు. దాని మూతకి నీలం రంగు కావాలన్నది నువ్వు. ఆవిరిస్నానం చేసే మన సౌనా గది వేడిలో పెడితే రంగు గట్టిపడుతుందని సలహా ఇచ్చింది మీ ఆయన. అల్యూమినియం మీద రంగు ఊరికే నిలవదని మాత్రం మీలో ఒక్కరూ చెప్పలేదు. రెండుసార్లు పెచ్చులూడింది. సాండ్‌పేపర్‌తో గీకి గీకి నా వేళ్లు కాయలు కాశాయి.

మూడోసారి అడుగుపూతగా ప్రైమర్ కొట్టి, రంగు వేసి, విప్పదీసిన మూతని సౌనాలో పై బల్ల మీద పెట్టాను. తలుపు మీద "నీళ్లు పోయకండి" అని కాగితం కూడా అంటించాను. గంట తర్వాత వెళ్లి చూస్తే నాన్న లోపల కూర్చుని వేడి రాళ్ల మీద గరిటెతో నీళ్లు పోస్తున్నారు. ఆ ఆవిరికి రంగంతా పాల మీద మీగడలా ముడతలు పడింది.

"కాగితం చూడలేదా నాన్నా?" అన్నాను.

"చూశాను. నీళ్లు పోయకపోతే అదేం సౌనారా? చలిగాలి వస్తోంది, తలుపేసి కూర్చో," అన్నారు.

అమ్మ పోయిన ఈ ఎనిమిది నెలల్లో ఆయన సౌనాలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. తలుపేసి వెళ్లి పక్కన కూర్చున్నాను.

మూత సంగతి తర్వాత చూద్దాం. శనివారం నువ్వూ సౌనాకి నీ తువ్వాలు తెచ్చుకుని రా.

నీ తమ్ముడు