కంచం పెట్టు, వచ్చేస్తన్నాను

రాజోలు,
ఆదివారం.

కువైట్‌లో ఉన్న మా ఆయనకి గాయత్రి నమస్కరించి రాస్తున్న సంగతులు.

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టబోయాను. ‘మేమంతా’ దగ్గర కలం ఆగిపోయింది. నన్నడిగితే ఇంట్లో ఉన్నది ముగ్గురం: నేను, అత్తయ్యగారు, మన నీహారిక. అత్తయ్యగారినడిగితే నలుగురం అంటారు. ఆ నాలుగో మనిషి గురించే ఈ ఉత్తరం. తీరిగ్గా కూర్చుని చదవండి.

కువైట్ నుంచి సాలమోను వచ్చాడు. మీరు పంపిన ఖర్జూరాలు, టార్చిలైటు, ఉత్తరం ఇచ్చి టీ తాగి వెళ్ళాడు. తిరుగు ప్రయాణంలో ఇది మీ చేతికే ఇవ్వమని ఒట్టు వేయించుకున్నాను. దారిలో విప్పి చదవకుండా ఉంటే గొప్పే, ఆ మనిషి నోట్లో నువ్వుగింజ నానదు కదా. “రోజూ ఫోన్లో మాట్లాడుతుంటే చేత్తో ఉత్తరం రాయమంటావేంటి, ఇదేం పిచ్చి?” అని మీ ఉత్తరం మొదటి మాటలోనే దెప్పారు. పిచ్చో కాదో కిందికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ముందు మీరు అడిగినవి. కొబ్బరిచెట్లకి తెల్లదోమ తగ్గలేదు, ఆకులన్నీ మసి పూసినట్టు నల్లగా ఉన్నాయి. నీహారిక సైకిలు నేర్చుకుని రెండు మోకాళ్ళూ చెక్కుకుంది. కుంటుతూనే మళ్ళీ ఎక్కింది, అన్నీ మీ పోలికలే. అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగారు. మోకాళ్ళ మాట అలా ఉంచండి, మనిషే సగమైపోయారు. జాకెట్లన్నీ విప్పి మళ్ళీ కుట్టాను.

“నాన్న ఫోను అమ్మకి నచ్చిందా, దిగులు తగ్గిందా?” అని కూడా అడిగారు. దానికే జవాబు పొడుగు.

మావయ్యగారు పోయినప్పుడు మీకు సెలవు ఇవ్వలేదు. మీ చిన్నాన్నగారి అబ్బాయి బాపిరాజు తలకొరివి పెడుతుంటే మీరు వీడియోలో చూశారు. మధ్యలో సిగ్నల్ పోయి, చితి అంటించాక గానీ మళ్ళీ కలవలేదు. ఆ బాధతోనే మీరు ఇది చేయించారని నాకు తెలుసు. మావయ్యగారికి రాయడం రాదు కనుక, కొబ్బరికాయల దింపుకి ఏ తోటకి వెళ్ళినా ఫోన్లో మాట నింపి పంపేవారు. ఆ మాటలన్నీ పోగుచేసి, మీ గదిలో ఉండే సాయి కృష్ణ చేత ఏదో కంపెనీకి ఇప్పించి, ఆయన గొంతుతో మాట్లాడే ఫోను చేయించి పంపారు. అమ్మ ఏం అడిగినా నాన్న గొంతు పలుకుతుందన్నారు.

పలికిందండీ. మొదటి రోజు దీపం పెట్టే వేళకి అత్తయ్యగారు ఫోను చెవికి ఆనించుకుని, “ఏవండీ, అన్నం తిన్నారా?” అన్నారు.

“ఇంకా లేదే. కంచం పెట్టు, వచ్చేస్తన్నాను” అంది ఫోను.

పాపం, దానికి తెలిసిన మాటే అది. ప్రతి సాయంత్రం తోటలోంచి మావయ్యగారు పంపింది ఆ ఒక్క మాటే కదా. అత్తయ్యగారు లేచి వెళ్ళి కంచం పెట్టారు. అన్నం, బొమ్మిడాయిల పులుసు వడ్డించి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. మావయ్యగారు తినకుండా ఆవిడ ముద్ద ఎత్తడం మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు. ఆ పూట పస్తే. అప్పటి నుంచి ప్రతి సాయంత్రమూ ఇదే వరస. పొద్దున్నే ఆ కంచంలో అన్నం గేదె కుడితిలో కలుపుతున్నాను. నేను పోరితే మధ్యాహ్నం నాలుగు మెతుకులు కతుకుతారు. షుగరు మనిషి, మందులు ఉత్త కడుపు మీద పడుతున్నాయి.

ఆ ఫోనుకున్న ఇంకో గుణం కూడా చెప్తాను. దేనికీ కాదనదు. తలుపులకి రంగు వేయిద్దామా అంటే ఆయ్. గేదెని అమ్మేద్దామా అంటే ఆయ్. బతికుండగా మావయ్యగారు దేనికైనా ఒక్కసారి ఆయ్ అన్నారా? ఉప్పు సరిపోయిందా అంటే కూడా వంకే కదా పెట్టేవారు! మొదట్లో నవ్వుకున్నాను. ఒకరోజు నీహారిక ఫోను లాక్కుని, “తాతయ్యా, నువ్వు చచ్చిపోయావు కదా?” అంది. “ఆయ్, వచ్చేస్తన్నానమ్మా” అన్నాడా తాతయ్య. పిల్ల ఆ రాత్రి నన్ను వదిలి పడుకోలేదు. నేనూ నవ్వడం మానేశాను.

ఓ సాయంత్రం ధైర్యం చేసి దాన్ని ఆపేసి బియ్యం డబ్బాలో దాచాను. అత్తయ్యగారు ఇల్లంతా వెతికి, “ఈయన పలకట్లేదు, ఆకలికి ఏ గట్టున పడిపోయేరో” అంటూ కాలవ వైపు పరుగెత్తారు. రేవు మెట్ల దగ్గర కళ్ళు తిరిగి పడ్డారు. మోచెయ్యి చీరుకుపోయింది. డాక్టరుగారు నన్ను పట్టుకుని చెడామడా తిట్టారు. ఇలాగే రాత్రిళ్ళు పస్తులుంటే ఓ రోజు నిద్రలోనే పోతారు, జాగ్రత్త అన్నారు. కంగారు పడతారని మీకు ఈ సంగతి చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను, పడండి.

మనం రాసింది కూడా ఆ గొంతు చదువుతుందని సాయి కృష్ణ ఒకసారి చెప్పాడు కదా. పక్కగదిలోకి వెళ్ళి, నా ఫోన్లోంచి “నేను తినేశాను, నువ్వు తిను” అని రాశాను. మావయ్యగారి గొంతు ఆ మాట అంది. ఇక తింటారనుకున్నాను. అత్తయ్యగారి మొహం మాడిపోయింది. “తినేశారా? ఎక్కడ తిన్నారు? ఎవరు పెట్టేరు?” అన్నారు. “ఆయ్” అంది ఫోను. “నా చేత్తో పెట్టకుండా మంచినీళ్ళు కూడా ముట్టని మనిషండీ! ఎవరింటి అరుగు మీద కూర్చుని అడుక్కుతిన్నారో!” అని ఆవిడ ఏడ్చారు.

నాకు నామీదే భయమేసిందండీ. మావయ్యగారి గొంతు నా బొటనవేలి కిందికి వచ్చింది. ‘కోడలు చెప్పినట్టు విను’ అని రాస్తే అదీ అంటుంది. రేపు ఆ కంపెనీవాళ్ళు, వాళ్ళెవరో ఏ దేశంలో ఉంటారో, ఇంకేదైనా అనిపిస్తే అదీ అంటుంది. అత్తయ్యగారు శిరసావహిస్తారు. మావయ్యగారిది ఎవరికీ లొంగే నోరా? పోయాక ఆ నోటికి కాదనే దిక్కు లేకుండా చేశాం. మీరు చేశారు, నేనూ చేశాను.

సంవత్సరీకం దగ్గరపడింది. పంతులు శ్రీరామచంద్రమూర్తిగారు తిథి చెప్పడానికి వచ్చి, బాపిరాజు చేతే కానిద్దామన్నారు. అత్తయ్యగారు ఒప్పుకోలేదు.

“ఆయన పోయేరని నాకు తెలీదేంటండీ? నా కళ్ళముందే తీసుకెళ్ళేరు. పెద్దకార్యం నాడు పిండమూ పెట్టేం. అది అందుంటే రోజూ ఇంకా తినలేదని ఎందుకంటారు? పెట్టాల్సిన చెయ్యి పెట్టలేదు. మా అబ్బాయి శివుడు పెట్టాలి.”

“అలాగంటే ఎలాగమ్మా?” అంటూ పంతులుగారు నా వైపు చూశారు. అటు చూస్తే మీకు సెలవు లేదు, ఇటు చూస్తే ఆవిడకి అన్నం లేదు.

ఇప్పుడు ఉత్తరం ఎందుకు రాయమన్నానో చెప్తాను. ఒకరోజు మీరు ఫోను చేసి పెట్టేశాక అత్తయ్యగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

“అమ్మాయ్, దాచకుండా చెప్పు. శివుడు ఉన్నాడా?”

“అదేంటండీ, ఇప్పుడే కదా మాట్లాడేరు?”

“మీ మావగారూ మాట్లాడుతున్నారు కదమ్మా.”

“వీడియోలో మొహం కూడా కనిపించింది కదండీ” అన్నాను. ఆవిడ గోడ మీది మావయ్యగారి ఫొటో చూపించారు. మొన్నీమధ్య ఆ కంపెనీవాళ్ళు ఫోన్లో ఆ ఫొటోకి కూడా పెదవులు కదిలించారు, మీకు తెలుసా?

“బతికుంటే నాన్న ఆకలితో తిరుగుతుంటే రాకుండా ఉంటాడా నా కొడుకు? వాణ్ణి కూడా ఫోన్లో పెట్టేసేరు. నువ్వు కూడా నాతో నాటకమాడుతున్నావు” అన్నారు.

అందుకే చేత్తో రాయమన్నాను. మీ ఉత్తరం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. వెనకా ముందూ తిప్పి చూసి, “ఎప్పుడు రాసిందో” అని నాకు తిరిగిచ్చేశారు.

ఇంక అసలు మాట. రాయడానికి సిగ్గుగా ఉంది, రాయకపోతే నేను బతకలేను. శివుడు ఉన్నాడా అని ఆవిడ అడిగినప్పుడు, ఉన్నాడని వెంటనే అనలేకపోయాను. రోజూ మీరనేవి అవే మాటలు. తిన్నాను, బాగున్నాను, సెలవు అడుగుతున్నాను. ఇంకేమైనా అడిగితే లైను బాగోలేదంటారు. మొన్న మీ ఒంట్లో బాగోలేదని సాలమోను నోరు జారి, వెంటనే మాట మార్చాడు. ఆ సాయంత్రం మిమ్మల్ని అడిగితే, “బాగున్నాను, తిన్నాను” అన్నారు. అదే గొంతు, అదే విరుపు. ఆ తర్వాత ఫోను మోగితే ఎత్తడానికి నాకు భయంగా ఉంటోంది. కట్టుకున్న మొగుడి గొంతంటే భయమేమిటని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. భయం పోవట్లేదు.

నాకు మాటలొద్దు. మీరు రండి. ఉద్యోగం పోతే పోయింది, దింపుకెళ్ళి బతుకుదాం. మీ చేత్తో మీ నాన్నగారికి పిండం పెట్టండి. తర్వాత అమ్మ ఎదురుగా కూర్చుని, చేతికి పులుసు అంటుకునేలా కడుపునిండా తినండి. ఆవిడ మిమ్మల్ని ముట్టుకుని చూడాలి. నేనూ చూడాలి.

ఒకటి రాయకూడదనుకున్నాను, రాసేస్తున్నాను. నిన్న సాయంత్రం అత్తయ్యగారు నన్ను అటక ఎక్కించి, మన పెళ్ళికి మీ పేరు చెక్కించిన స్టీలు కంచం దింపించారు. చింతపండుతో తోమి, తుడిచి, మావయ్యగారి కంచం పక్కన పెట్టి అన్నం వడ్డించారు.

ఇట్లు,
మీరు తిన్నారో లేదో ఎరగని
మీ భార్య
గాయత్రి